అమెరికా బండిలో కుడివైపు సీటు

మా ఆయన మితభాషి. పెళ్ళయిన కొత్తలో అది పెద్దరికం అనుకున్నాను. పదేళ్ళు కాపురం చేశాక తెలిసింది, ఆయనకు ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదని. కూరగాయలు ఆయనే తెస్తారు. తలుపు తెరల రంగు ఆయనే చెబుతారు. తిరుపతి ప్రయాణం సంగతి టిక్కెట్లు కొన్నాక తెలుస్తుంది. కోపిష్టి కాదు, పీనాసి అంతకన్నా కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో చేనేత బట్టల కొట్టు మాది. వాళ్ళది పెడనలో మగ్గాల కుటుంబం. పడుగూ పేకా తప్పకుండా చీర నేసినట్టే సంసారమూ నడపాలని ఆయన ఉద్దేశం. అందులో నా వంతు “అలాగేనండీ” అనడం.

అలాంటి మనిషి ఒకనాడు చల్లపల్లి నుంచి వచ్చి, అన్నం తినకుండా పడుకున్నారు.

తొంభైల మధ్య మాట ఇది. చల్లపల్లి దగ్గర ఒక రైసుమిల్లు యజమాని ఇంట్లో పెళ్ళి. చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలన్నీ మా కొట్టువే. మూటలు దింపించడానికి ఈయనే స్వయంగా వెళ్ళారు. వచ్చిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలో లేరు. మర్నాడు పొద్దున్నే ఫోనులో తన స్నేహితుడితో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, వంటింట్లో బియ్యం చెరుగుతున్న నాకు ముక్కలు ముక్కలుగా వినపడింది.

“పాతదేలే... ముప్ఫై ఏళ్ళుంటాయి. కానీ ఏం వంపులయ్యా బాబూ! ఎర్రగా ఉంది. ఆ మిల్లులో ఓ మూల పడేశారు పాపం, ఎవరూ పట్టించుకోరు. రాత్రంతా కళ్ళు మూస్తే అదే.”

చేట కింద పెట్టేశాను. పక్కన కూర్చున్న మా అత్తగారికీ వినపడింది. ఆవిడ నా మోకాలు మీద చెయ్యి వేసి, “ఏ మిల్లే అది?” అంది చాలా నెమ్మదిగా.

ఆ స్నేహితుడు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల వ్యాపారి. మా ఆయనా ఆయనా చిన్నప్పుడు ఒకే బడి. ఈయన ఆయన్ని భాయ్ అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. గంటలో స్కూటర్ మీద దిగాడు. మా ఇద్దరి మొహాలూ చూసి ఏమనుకున్నాడో, పకపకా నవ్వాడు.

“కారు చెల్లెమ్మా, కారు! అమెరికా కారు. మీ ఆయన దాని మీద మనసు పడ్డాడు.”

“కారేనా!” అంది మా అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని. “ఆ ముక్క ముందు చెప్పి ఏడవచ్చుగా వీడు!”

తర్వాత రెండేళ్ళు అది తాగిన పెట్రోలు చూశాక ఆవిడే ఇంకో మాట అంది. “మనిషయినా బాగుండేదే. ఇంత తినేది కాదు.”

ఆ మిల్లు యజమాని తండ్రి మద్రాసులో ఒక సినిమా నిర్మాత దగ్గర దాన్ని కొన్నాడట. ఆ పెద్దాయన పోయాక ఎవరికీ నడపడం చేతకాక షెడ్డులో వదిలేశారు. దాన్ని తీసేస్తే అక్కడ ట్రాక్టరు పెట్టుకోవచ్చని వాళ్ళ ఆశ. ఏం బేరం కుదిరిందో నాకు చెప్పలేదు గానీ, ఆ పెళ్ళి బట్టల బిల్లు ఊసు మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు. ట్రాక్టరుకు తాడు కట్టి, పామర్రు మీదుగా, ఉయ్యూరు మీదుగా, ఊరూరా జనం బయటికొచ్చి చూస్తుండగా లాక్కొచ్చారు. నేరుగా ఆటోనగర్‌లో భాయ్ గారి షెడ్డుకు చేర్చారు. అక్కడ నెలల తరబడి దానికి వైద్యం జరిగింది. అమెరికా సామాను ఇక్కడెక్కడ దొరుకుతుంది? ఒక గొట్టం లారీది, ఒక బెల్టు పిండిమరది, రేడియేటర్ ఇంకే బండిదో. ఏది బిగించినా ఇంకొకటి కారేది. చేతుల నిండా గ్రీజుతో మా ఆయన ఇంటికి వచ్చి, తెల్ల చీరలు ముట్టుకోకుండా కొట్టులో కూర్చునేవారు.

మొదటిసారి దాన్ని మా వీధిలోకి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఎండాకాలం. డాబా మీద మా అత్తగారు గుమ్మడి వడియాలు పెట్టి వచ్చి నడుం వాల్చింది. ఎక్కడో గుడగుడమని ఉరిమినట్టయింది. మళ్ళీ ఉరిమింది. “అమ్మాయ్! వాన! వడియాలు!” అంటూ ఆవిడ మెట్లెక్కింది. వెనకే నేను. చుట్టుపక్కల డాబాల మీదా ఆడవాళ్ళు వడియాలూ, మిరపకాయలూ, ఆరేసిన బట్టలూ లాగేస్తున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కిందికి చూస్తే మా గుమ్మం ముందు ఎర్రటి బండి ఒకటి ఒళ్ళంతా వణుకుతూ గర్జిస్తోంది. లోపల మా ఆయన పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. అన్నేళ్ళలో ఆయన పళ్ళన్నీ నేను చూడటం అదే మొదలు.

నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. ముక్కు పొడుగు, నడుము సన్నం, వెనకభాగం పొట్టి. ముందు జాలీ మధ్యలో పరుగెత్తే గుర్రం బొమ్మ. వెండి గిన్నె తోమినట్టు మెరిసే బంపర్లు. అయితే దానికి రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, తల వంచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని దూరాలి. మా అత్తగారు ఎక్కేటప్పుడు దేవుడి పేర్లూ, దిగేటప్పుడు మా ఆయన్ని తిట్లూ వినపడేవి.

అసలు చిక్కు అది కాదు. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయట. అందుకని దీనికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. దాని వెనక ఆ సంగతి రాయించాలని నియమం ఉందంటే, బోర్డులు రాసే ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో “లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్” అని రాశాడు. వీధిలో ఒకావిడ నన్ను జాలిగా అడిగింది, “మీ ఆయనది ఎడమచేతి వాటం అని నాకు తెలీదండీ. ఇన్నాళ్ళూ చూశాను గానీ గమనించలేదు.”

ఊళ్ళో తిరిగినన్నాళ్ళు ఇబ్బంది లేదు. బందరు రోడ్డు ఎక్కాక తెలిసింది. ముందు పోయే లారీని దాటాలంటే ఎదర ఏం వస్తోందో చూడాలి. ఎడమవైపు కూర్చున్న మా ఆయనకు లారీ వెనక తలుపు తప్ప ఇంకేం కనపడదు. కుడివైపు సీట్లో ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. ఎవరినీ ఏదీ అడగని మనిషికి ఎంత కష్టమొచ్చిందో చూడండి.

మొదట భాయ్ గారిని కూర్చోబెట్టుకున్నారు. ఆయన లారీల మనిషి, ధైర్యం ఎక్కువ. ఏది ఎదురొచ్చినా “పోనీ, పోనీ” అనేవాడు. ఆ పోనీ పోనీల్లో ఒకసారి కంకిపాడు దాటాక ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చేసరికి జాలీ నిండా వరిగడ్డి, గుర్రం బొమ్మకు మేత పెట్టినట్టుంది. తర్వాత మా కొట్టు గుమాస్తాను తీసుకెళ్ళారు. ఆయన భయస్థుడు. అరమైలు దూరంలో సైకిల్ కనపడినా “ఆగండి బాబూ, ఆగండి” అనేవాడు. ఆ రోజు ఉయ్యూరు నుంచి పామర్రు దాకా చెరకు ట్రాక్టరు వెనకే నడిచారు. మా అమెరికా గుర్రం అంత మెల్లగా ఎప్పుడూ నడవలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన పెరుగన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నారు. “రేపు పెడన వెళ్ళాలి. నువ్వు రావాలి.”

“నేనెందుకండీ?”

“నీకు కళ్ళు బాగుంటాయిగా.”

పదేళ్ళలో ఆయన నోట నేను విన్న పొగడ్త అదొక్కటే.

మర్నాడు వెనక సీట్లో భాయ్ గారు కూర్చున్నాడు, నాకు నేర్పడానికి. ఒడిలో టిఫిను క్యారేజీ పెట్టుకుని కుడివైపు సీట్లో కూర్చున్నాను. చేతుల్లో స్టీరింగ్ లేకుండా అందరికంటే ముందుండి రోడ్డుకు ఎదురెళుతుంటే, ఆ క్యారేజీనే రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. లారీ వచ్చింది. మా ఆయన అరిచారు, “ఏమైనా వస్తోందా?”

“వస్తోందండీ!”

“వస్తోందంటే? ఎదురు వస్తోందా, సందు వస్తోందా?”

ఈ సంభాషణ పూర్తయ్యేసరికి బస్సు ఒకటి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. మాటలు మార్చుకున్నాం. సరే అయితే ఊఁ, కాకపోతే ఊహూఁ. ఆ ఇంజను మోతలో రెండూ ఒక్కలాగే వినపడ్డాయి. ఇంకో గండం తప్పింది. ఆఖరికి ఖాళీ దొరికితే “వెళ్ళండి”, దొరక్కపోతే “ఆగండి” అన్నాం. అదీ కుదరలేదు. నేను “వెళ్ళండీ” అని సాగదీసేలోపు సందు మూసుకుపోయేది. ఆయన తిట్టలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

భాయ్ గారు రెండు సీట్ల మధ్యలోంచి తల దూర్చాడు. “చెల్లెమ్మా, ఏమీ అనుకోవద్దు. ఆ ‘అండీ’ తీసేయ్. నువ్వు మర్యాద పూర్తి చేసేలోపు లారీ వచ్చేస్తోంది.”

“అమ్మో! ఆయన్నా?”

“ఇంటి దగ్గర అండీ అను, గారూ అను. రోడ్డు మీద పో, ఆగు. అంతే.”

మా ఆయన లారీ వెనక తలుపు చూస్తూ నడుపుతున్నారు. ఎదర రోడ్డు నున్నగా, ఖాళీగా, కాలువ గట్టు వెంట చాలా దూరం కనిపించింది. కళ్ళు మూసుకోకూడదు గనుక పళ్ళు బిగించి అన్నాను.

“పో!”

ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజను ఏం చేయగలదో అప్పుడు తెలిసింది. వీపు సీటుకు అతుక్కుపోయింది, టిఫిను క్యారేజీ కడుపులోకి దిగింది, లారీ ఎప్పుడు వెనకబడిందో తెలీలేదు. ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. వెనక భాయ్ గారు “శభాష్” అంటున్నాడు. పెడన చేరేలోపు నేను ఇంకో పాతికసార్లు మా ఆయన్ని పో అనుంటాను. కొన్నిసార్లు అంత అవసరం కూడా లేదు.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. ఆవిడే కనిపెట్టింది. పెడనలో బంధువుల గృహప్రవేశానికి వెళుతుంటే వెనక సీట్లో కునుకు తీస్తోంది. గూడూరు దగ్గర ఇసుక లారీ అడ్డం వచ్చింది. నేను అలవాటుగా, గట్టిగా, “ఆగు! ఆగమంటే ఆగవేం? ...ఇప్పుడు పో!” అన్నాను.

లారీ దాటాక వెనక నుంచి గొంతు వినపడింది. “ఒరేయ్, బండాపు.”

పక్కకు తీసి ఆపారు. ఆవిడ ముందుకు వంగింది. “ఏమ్మా, మొగుణ్ణి పో అంటావా?”

నేను బిక్కచచ్చిపోయాను. మా ఆయన అద్దంలోంచి తల్లిని చూసి, “అనకపోతే అందరం కలిసి పోతామమ్మా,” అన్నారు.

ఆవిడ మగ్గం మీద నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి, తప్పు దారం ఎక్కడుందో వెతికినట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఈ బండి ముందే కొనాల్సింది. మీ నాన్నను నేనూ పో అనేదాన్ని,” అని మళ్ళీ నిద్రపోయింది.

పోలీసులకు కూడా నా వల్ల ఇబ్బందే. బ్యారేజీ దగ్గర బండి ఆపినవాళ్ళు అలవాటుగా కుడివైపు కిటికీ దగ్గరకే వచ్చేవారు. ఒకాయన చలానా పుస్తకం చేతిలో పట్టుకుని, “లైసెన్సు తియ్యమ్మా,” అన్నాడు. నా ఒడిలో కరివేపాకు కట్టా, రెండు ఆనపకాయలూ ఉన్నాయి. “లేదండీ,” అన్నాను. “లేకుండానే నడుపుతున్నావా?” అని లోపలికి తొంగి చూసి, స్టీరింగ్ కోసం ఆనపకాయల కింద వెతికాడు. “ఇటు, సార్, ఇటు” అని అవతలి నుంచి మా ఆయన చెయ్యి ఊపారు. ఆ కానిస్టేబుల్ లైసెన్సు సంగతి మర్చిపోయి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఒక్కసారి గట్టిగా తొక్కండి సార్,” అన్నాడు. తొక్కారు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది.

దాని ఆకర్షణ ఏమిటో నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఒకసారి అడిగాను కూడా. ఎండలో కాలిపోతుంది, వానలో కారుతుంది, స్పీడ్ బ్రేకర్ కనపడితే పొట్ట ఆనించుకుంటుంది. ఎందుకండీ ఇదీ అంటే, ఆయన బంపరు తుడవడం ఆపలేదు. “మనింట్లో ప్రతిదీ ఏదో అవసరానికి కొన్నదే. చిన్నప్పుడు చెప్పుల దగ్గర్నుంచీ. ఇదొక్కటే ఏ అవసరానికీ పనికిరాదు,” అన్నారు. అంత పొడుగు మాట మాట్లాడినందుకు తర్వాత రెండు రోజులు పాపం ఏమీ మాట్లాడలేదు.

కానీ ఒక అలవాటు మాత్రం ఆయనకు తెలీకుండా మొదలైంది. ఒక సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాం. కొత్తగా కట్టిన ఒక భవనం వైపు చూపించి, “అక్కడ రెండో కొట్టు పెడదామనుకుంటున్నా. ఏమంటావ్?” అన్నారు. ఎవర్ని అడుగుతున్నారా అని వెనక సీటు చూశాను. ఎవరూ లేరు. నాకు భయమేసింది. అక్కడ అన్నీ ఆఫీసులు, చీరలు కొనేవాళ్ళు ఎవరొస్తారు అనిపించి, “ఆగండి” అన్నాను. ఆగారు. తర్వాత కొన్నేళ్ళకు అక్కడ వరసగా బట్టల దుకాణాలే వెలిశాయి, అన్నిట్లోనూ జనమే. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నేను అటువైపు చూడకుండా చీర కొంగు సర్దుకునేదాన్ని. ఆయన ఒక్కమాట అనలేదు. పైగా మరుసటి వారం, వంటింటి గట్టుకు ఏ రాయి వేయిద్దామో అడిగారు.

రెండువేలు దాటి కొన్నేళ్ళయ్యాక, హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు విమానంలో గన్నవరంలో దిగి మా ఇంటికి వచ్చాడు. కంప్యూటర్ల వ్యాపారం. పాత బండ్లు కొని పెట్టుకోవడం సరదా. మా బండి ఫొటో ఎవరో పంపారట. దాని ముందు గుళ్ళో నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అంకుల్, వీటిని మజిల్ కార్లంటారు. వీటి విలువ మీకు తెలీదు,” అన్నాడు.

అరుగు మీద కూర్చున్న మా అత్తగారికి సరిగా వినపడలేదు. “మజిలీ కారా? సరిగ్గా చెప్పావు నాయనా. ప్రతి ఊళ్ళోనూ ఆగుద్ది.”

అతను చెప్పిన ధర విని, కాఫీ గ్లాసులు తెస్తున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మా అత్తగారికి ఈసారి స్పష్టంగా వినపడింది. భాయ్ గారు కూడా వచ్చి ఉన్నాడు. “ఇచ్చేయరా, మంచి బేరం,” అన్నాడు మనస్ఫూర్తిగా. ఆయన షెడ్డులో సామాను సగం ఈ బండే మింగేసింది మరి.

“దీన్ని చాలా బాగా చూసుకుంటాను ఆంటీ,” అన్నాడు ఆ కుర్రాడు కాఫీ అందుకుంటూ. “మొత్తం విప్పించి కొత్తగా చేయిస్తాను. స్టీరింగ్ కుడివైపుకు మార్పించేస్తాను. అప్పుడు డ్రైవ్ చేసేవాళ్ళు ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు.”

మా ఆయన నా వైపు తిరిగారు. అంతమంది ముందు. “నువ్వేమంటావ్?”

అందరికీ తెలుసు నేనేమంటానో. పెట్రోలు గురించీ, గ్రీజు మరకల గురించీ అన్నేళ్ళు గోల చేసింది నేనే. అవుననడానికే నోరు తెరిచాను.

“అమ్మం బాబూ,” అన్నాను.

“ఇదేం చోద్యమే!” అంది మా అత్తగారు. భాయ్ గారు తల పట్టుకున్నాడు. కుర్రాడు ధర ఇంకొంచెం పెంచాడు. ఎందుకు వద్దన్నానో నాకే తెలీనప్పుడు అతనికేం చెప్పను? “కాఫీ చల్లారిపోతోంది, తాగండి,” అన్నాను.

మా ఆయన మాత్రం చాలా మామూలుగా లేచి, “విమానం వేళవుతోంది, దింపి వస్తాం పదండి,” అన్నారు.

అతన్ని వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టి బయల్దేరాం. రామవరప్పాడు దాటగానే రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. “ఆగు... ఆగు... పో! పో! రెండోది కూడా!” గుర్రం రెండు లారీలనూ ఒక్క ఊపులో దాటింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ కుర్రాడు పైన పట్టుకోవడానికి ఏదైనా ఉందేమోనని రెండు చేతులతో వెతుకుతున్నాడు. విమానాశ్రయం దగ్గర దిగి, కాళ్ళు సాగదీసుకుని, మా ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. “మీరెప్పుడైనా మనసు మార్చుకుంటే...” అని సగంలో ఆపేసి, “మార్చుకోరులెండి,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తుంటే నిడమానూరు దగ్గర ముందునుంచి ఆవిర్లు లేచాయి. పక్కకు ఆపి మూత ఎత్తారు. చల్లబడేదాకా ముట్టుకోవడానికి లేదు. చెట్టు కింద తోపుడుబండి పెట్టుకున్న ఆమె దగ్గర చెరొక జామకాయ కోయించుకున్నాం, ఉప్పూకారం అద్ది. పది మంది పోగయ్యారు. ఎంత ఇస్తుందండీ లీటరుకు, అని ఎప్పటిలాగే ఎవరో అడిగారు. మా ఆయన ఎప్పటిలాగే వినపడనట్టు నటించారు.

“వాడు స్టీరింగ్ మారుస్తాననగానే నేను వద్దనుకున్నా,” అన్నారు ఉన్నట్టుండి.

“మరి నన్నెందుకడిగారండీ?”

“నువ్వు సరేనంటే ఇచ్చేద్దామని.”

ఆయన జామకాయ కొరుక్కుంటూ ఆవిర్ల వైపు చూస్తున్నారు. నేను ఇంకో ముక్క కారంలో అద్దుకున్నాను. చుట్టూ జనం. కారం ఎక్కువై కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. రోడ్డు పక్క ఇంట్లో బిందెడు నీళ్ళు అడిగి తెచ్చి నేనే రేడియేటర్‌లో పోశాను. ఆయన గరాటు పట్టుకున్నారు. బెంజ్ సర్కిల్ వచ్చేదాకా జామగింజ పంట్లో ఇరుక్కుందని సణుగుతూనే ఉన్నారు.